ఒకటి పడితే

మార్చి 3, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇంతకు మించి రావడం లేదు.

మార్చి 4, మంగళవారం

కుట్లు విప్పారు. నేను చూడలేదు, కిటికీ వైపు చూశాను. మా ఆవిడ చూసింది.

మార్చి 6, గురువారం

ఈ నోట్‌బుక్ నేనే కుట్టి, అట్ట వేసి, బైండు చేసింది. ప్రెస్సులో చేరి ఇరవై రెండేళ్లు. ఎన్ని వేల పుస్తకాలు కుట్టి ఉంటానో, ఒక్కదాంట్లో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు రాస్తుంటే అక్షరాలు తాగినవాళ్లలా ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఎవరూ చదవరు కాబట్టి పరవాలేదు.

చూపుడువేలు పైకణుపు దగ్గర్నుంచి లేదు. నడిమివేలు ఉంది గానీ, తను ఉన్నట్టు దానికింకా తెలియలేదు.

మా ఆవిడ రోజూ పొద్దున్నే నా చెయ్యి గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుతుంది. ఆ కాసేపూ ఒక్క మాట మాట్లాడదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి వాళ్ల తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెడుతుంది. "చెప్పిన మాట చెవినపెడితేగా! చిన్నప్పట్నుంచీ అంతే, అన్నిటికీ తొందరే వాడికి!" గిన్నెలు కూడా ఆవిడతో గొంతు కలుపుతాయి.

నేనేమీ అనను. చెప్పాల్సింది ఆసుపత్రిలోనే చెప్పాను. నేను 'ఉండు' అన్నాను. వాడు కటింగ్ మిషను బటన్ నొక్కేశాడు. అంతే జరిగింది.

మార్చి 8, శనివారం

వాన. మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. చేతిలో పళ్ల సంచి. మా ఆవిడ తలుపు సగమే తెరిచింది.

"అక్కా, ఒక్కసారి బావని చూసి వెళ్తా."

"చూసి ఏం చేస్తావు? మిగిలిన వేళ్లు లెక్కపెడతావా?"

తలుపు మూసింది. వాడు చాలాసేపు మెట్లమీదే ఉన్నాడు. నేను మంచం మీదినుంచి వాడి చెప్పుల నీడ తలుపు కింద చూస్తూ పడుకున్నాను. నిద్రపోయాననే అనుకుని ఉంటుంది ఆవిడ.

మార్చి 10, సోమవారం

ఇవాళ్టికి నెల. ఈరోజు నుంచి ఫిజియోథెరపీ. ఆసుపత్రి వెనకవైపు పొడవాటి హాలు. గోడకి తాళ్లు, కప్పీలు, ఇసుక తొట్లు, బట్టలకు పెట్టే క్లిప్పులు డబ్బాలకు డబ్బాలు. చెయ్యి కాలు బాగాలేని పెద్దవాళ్లందరూ నర్సరీ పిల్లల్లా కూర్చుని క్లిప్పులు పెడుతున్నారు, తీస్తున్నారు.

ఫిజియో అమ్మాయికి ముప్ఫయ్యేళ్లుండవు. గొంతు మాత్రం హెడ్మాస్టరుది. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, బల్లమీద ఒక పాచికా, స్టీలు గ్లాసూ పెట్టింది.

"పాచికని వేళ్లతో పట్టుకోండి. ఎత్తండి. గ్లాసులో వెయ్యండి. గ్లాసు ఊపి బల్లమీద బోర్లించండి. ఒకటి నుంచి ఆరు దాకా ఎంత పడితే అంత మీది. ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, కూడుకుంటూ పోవచ్చు. కానీ ఒకటి పడిందా, ఆ వంతులో కూడినదంతా గోవిందా. భయమేస్తే మధ్యలో ఆపి జమ వేసుకోండి. ముందు వంద చేరినవాళ్లు గెలిచినట్టు."

"చిన్నపిల్లల ఆట కదమ్మా ఇది!"

"చిన్నపిల్లలైతే ఇంత సణగరు మేస్త్రిగారూ."

పాచిక పట్టుకోవడానికి పదకొండుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లు కింద పడింది. ఒకసారి పక్కావిడ ఒళ్లో పడింది. ఆవిడ బట్టలు కుట్టే ఆవిడ, మణికట్టు విరిగి వస్తోంది. అందరూ పెద్దమ్మ అంటున్నారు. "నాయనా, నా మీద పందెం కాసుకున్నావా?" అంది. హాలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇరవై రెండేళ్లు ఈ వేళ్లతో ఒక్క కాగితం మందం తేడా కూడా పసిగట్టాను.

మార్చి 12, బుధవారం

నేనొక్కణ్ణే ఆడితే చెయ్యి బద్ధకిస్తుందట, ఎదుట మనిషి ఉండాలట. ఫిజియో అమ్మాయికి తీరిక లేదు. వరండాలోకి తొంగిచూసి, "ఏవండీ, బెంచీమీద మూడు రోజుల్నుంచీ కూర్చుంటున్నారు, మీరు ఎవరి తాలూకు?" అని అడిగింది.

బావమరిది! వాడు రోజూ వస్తున్నాడని నాకు తెలియదు.

"మేస్త్రిగారి తాలూకు" అన్నాడు.

"అయితే లోపలికి రండి. ఖాళీగా కూర్చుంటే జీతం ఎవరిస్తారు?"

వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నా చేతివంక చూడలేదు. నేను వాడి ముఖంవంక చూడలేదు. ఆట మొదలైంది.

"పదకొండు. ఆపాను" అన్నాడు వాడు.

నేను వేశాను. ఆరు, నాలుగు, ఐదు, ఆరు. ఇరవై ఒకటి. ఇంకోటి వేశాను. ఒకటి.

"తొమ్మిది. ఆపాను."

గంటసేపు అంకెలు తప్ప మా ఇద్దరి మధ్య వేరే మాట లేదు. వాడు నూటరెండుతో గెలిచాడు. నాది నలభై ఏడు. లేచి వెళ్లేటప్పుడు "రేపు వస్తా బావా" అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు.

మార్చి 13

ఓడిపోయాను.

మార్చి 14

ఓడిపోయాను. పాచికలోనే ఏదో లోపముంది.

మార్చి 17, సోమవారం

ఇవాళ పెద్దమ్మ కూడా కూర్చుంది. ముగ్గురం. బావమరిది పది దగ్గరికి రాగానే ఆపేస్తాడు. ప్రాణం పోయినా ఇంకోసారి సాహసించడు. వాడు ఇలాంటివాడు కాదు. మా పెళ్లిలో వాడికి పదేళ్లు. పందెం వేసి, పందిరి గుంజమీద చివరిదాకా ఎక్కి, దిగడం రాక ఏడ్చాడు. నేనే పెళ్లిబట్టల్లో ఎక్కి దింపాను. ఎనిమిదేళ్ల కిందట ప్రెస్సులో చేర్పించిందీ నేనే.

పెద్దమ్మ వాణ్ణి అడిగింది. "ఏమయ్యా, వయసులో ఉన్నావు, అంత పిరికిగా ఆడతావేం?"

"ఈమధ్యే అలవాటయింది పెద్దమ్మా."

నేను గ్లాసు తీసుకుని గట్టిగా ఊపాను. ఇవాళ నలభై రెండుసార్లు పట్టు తప్పకుండా పాచిక ఎత్తాను. ఫిజియో అమ్మాయి కాగితంమీద రాసుకుంది.

వాడిని ప్రెస్సుకి రావద్దన్నారట. విచారణ అయ్యేదాకా గేటు లోపలికి రానివ్వరు. పెద్దమ్మతో చెబుతుంటే విన్నాను. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికి వచ్చి అడిగినప్పుడు నేను నాకేమీ గుర్తులేదన్నాను. మత్తుమందు దిగని రోజు అది. అప్పుడు నిజంగానే గుర్తులేదు.

మార్చి 18

ఆపరేషన్ అయిన రెండోరోజు మా ఆవిడ అడిగినప్పుడు మాత్రం గుర్తొచ్చింది. అందులో వింతేముంది? మనిషికి మెల్లమెల్లగానే గుర్తొస్తుంది.

మార్చి 21, శుక్రవారం

గెలిచాను! నూటమూడు. తొంభై ఏడు మీద ఉండి వేశాను, ఆరు పడింది. పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. బావమరిది నవ్వాడు. నెలన్నర తర్వాత వాడి పళ్లు చూడటం ఇదే. నాకూ నోరు సాగబోయింది, ఆపుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ, "ఏంటి, ముఖం వెలుగుతోంది?" అంది. చెయ్యి బాగవుతోందని చెప్పాను. నా నడిమివేలు పట్టుకుని మెల్లగా వంచి చూసింది. కళ్లనిండా నీళ్లు. "వాడు బాగుపడడు" అంది.

మార్చి 26, బుధవారం

ఇవాళ నాది ఎనభై ఎనిమిది, వాడిది తొంభై నాలుగు. నా వంతు. ఐదు. మూడు. తొంభై ఆరు. మూడోసారి గ్లాసు బోర్లిస్తే పాచిక బల్ల అంచుమీంచి దొర్లి కుర్చీ కాలి పక్కన పడింది. నేనూ వంగాను. వాడు ముందుగా అందుకున్నాడు.

"నాలుగు బావా! నూరు! గెలిచావు!"

పెద్దమ్మ "అబ్బ, అదృష్టవంతుడివయ్యా" అంది. ఫిజియో అమ్మాయి గెలుపు నా పేరునే రాసుకుంది.

నేనూ వంగాను. చూశాను.

మార్చి 27

అది నాలుగే. కళ్లజోడు పెట్టుకోలేదు నిన్న.

మార్చి 29, శనివారం

కుడిచేత్తో లావు పెన్సిల్ పట్టుకుని రాయమంది ఫిజియో అమ్మాయి. ఇది కుడిచేత్తో రాస్తున్నాను. ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కటింగ్ మిషను పాతది. రెండు బటన్లుంటాయి, అటొకటి, ఇటొకటి. రెండూ ఒకేసారి నొక్కితే తప్ప బ్లేడు దిగదు. మనిషి రెండు చేతులూ బటన్లమీద ఉంటే ఇక బ్లేడు కింద ఉండవు కదా, అందుకు. మంచి ఏర్పాటే. కానీ పని నత్తనడక. కాగితాల కట్ట సర్దాలి, చేతులు తీయాలి, రెండూ నొక్కాలి, మళ్లీ సర్దాలి. నాలుగేళ్ల కిందట స్కూలు పుస్తకాల హడావిడిలో ఒక అట్టముక్క మడిచి ఎడమ బటన్ సందులో దోపాను. అది నొక్కినట్టే ఉండిపోయింది. ఇక ఒక్క చెయ్యి చాలు. ఒకరు సర్దుతుంటే పక్కవాడు కుడి బటన్ నొక్కొచ్చు. రోజుకి వంద కట్టలు ఎక్కువ కోశాం. మేనేజరు శభాష్ అన్నాడు. ఎలా అని అడగలేదు.

చెయ్యి నొప్పి పుడుతోంది.

ఏప్రిల్ 1, మంగళవారం

పొట్టి నన్ను చూడటానికి ఇంటికి వచ్చాడు. మనిషి ఆరడుగులు, అందుకే ప్రెస్సులో అందరూ పొట్టి అంటారు. నా మిషను ఇప్పుడు వాడి చేతిలో ఉంది. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే నా మంచం దగ్గరికి జరిగాడు.

"మేస్త్రిగారూ, మీకో విషయం చెప్పాలి. ఆ రోజు గొడవలో అందరూ మీ చెయ్యి చూస్తున్నారా, మీ బావమరిది ఎడమ బటన్‌లోంచి అట్టముక్క లాగి జేబులో వేసుకున్నాడు. మేనేజరు వచ్చేసరికి, రెండు బటన్లూ నేనే తొందరపడి నొక్కేశానండీ అని ఏడుస్తున్నాడు. నేనొక్కణ్ణే చూశాను. ఎవరితోనూ అనలేదు లెండి."

ఆవిడ విన్నదేమోనని వంటింటి వైపు చూశాను.

"ఇంకోటి. మీ చిట్కా బ్రహ్మాండం సార్! నేనూ పెట్టేశాను అట్టముక్క. పదిరోజులైంది. పని పరుగే పరుగు. మేనేజరు నన్నూ శభాష్ అన్నాడు."

మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న వాడి చేతులవంక చూశాను. పెద్ద చేతులు. పదివేళ్లు.

"తీసెయ్" అన్నాను.

"అబ్బే, నేను జాగ్రత్తగానే ఉంటా సార్" అన్నాడు. నేను కూడా అదే అనేవాణ్ణి. మా ఆవిడ టీ తెచ్చింది. మాట మారింది.

ఏప్రిల్ 2

రేపు వెళ్లి మేనేజరుతో చెబుతాను.

ఏప్రిల్ 3

ఆటకి వెళ్లలేదు. ప్రెస్సుకీ వెళ్లలేదు. చెయ్యి నొప్పని చెప్పాను. నొప్పి లేదు. పగలంతా ఎక్కడ ఏ తలుపు చప్పుడైనా ఉలిక్కిపడ్డాను. పొట్టికి ఏదైనా అయితే ముందు మా ఇంటికే కబురొస్తుంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

వెళ్లాను. బావమరిది నాకంటే ముందే వచ్చి, పాచికా గ్లాసూ బల్లమీద సర్దిపెట్టి కూర్చున్నాడు. పెద్దమ్మకి మణికట్టు నయమైంది, ఇక రాదు. ఇద్దరమే. ఆట నడుస్తూండగానే అడిగాను.

"అట్టముక్క ఎందుకు తీశావురా?"

వాడి చేతిలో గ్లాసు ఆగిపోయింది. నేను వాడితో అంకె కాని మాట మాట్లాడి యాభై మూడు రోజులు.

"పొట్టి చెప్పాడా?"

"ఎందుకు తీశావు?"

"అది దొరికితే నీ ఉద్యోగం ఉండేదా బావా? నాదేముంది, ఇవాళ ఇక్కడ, రేపింకోచోట."

"మరి మీ అక్క?"

వాడు పాచికని వేళ్లమధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత చాలా మామూలుగా అన్నాడు. "అక్క నామీద కోపంగా ఉంటే ఓర్చుకుంటాను. నీమీద కోపం వస్తే నీ చెయ్యి ఎవరు కడుగుతారు?"

హాల్లో ఎవరో కప్పీ తాడు లాగుతున్నారు. కీచుమని చప్పుడు.

"ఆ రోజు నేను ఏమన్నాను? 'ఉండు' అన్నానా, 'ఊఁ' అన్నానా?"

"ఉండు అన్నావు. నాకే సరిగ్గా వినపడలేదు."

వెంటనే చెప్పాడు. తడుముకోలేదు. కళ్లలోకి సూటిగా చూస్తూ, కొంచెం నవ్వుముఖంతో.

"మొన్న కుర్చీ కింద పడింది ఎంతరా?"

"నాలుగు" అన్నాడు. అవే కళ్లు. అదే నవ్వుముఖం.

అది ఒకటి. వంగి చూశాను కదా, మధ్యలో ఎర్రచుక్క ఒక్కటే. కళ్లజోడు అక్కర్లేదు దానికి. ఆ రోజు నేనన్నది 'ఊఁ'. ఊఁ అన్నాక, పైకాగితాలు వంకరగా ఉన్నాయనిపించి చెయ్యి పెట్టాను. వాడు నేను చెప్పింది విన్నాడు కాబట్టే నొక్కాడు. ఎనిమిదేళ్లలో వాడు నా మాట వినని రోజు ఒక్కటీ లేదు.

ఇది రాయడానికి కుడిచేతికి గంట పట్టింది.

పొట్టి సంగతి చెబితే వాడు గ్లాసు పక్కకి నెట్టేశాడు. "నన్ను గేటు దాటనివ్వరు బావా. నువ్వు వెళ్లు. ఇవాళే వెళ్లు." ఆట మధ్యలోనే లేచాం. వెళ్లేసరికి ప్రెస్సు కట్టేశారు.

ఏప్రిల్ 5, శనివారం

గేటు తియ్యకముందే వెళ్లి నిలబడ్డాను. పొట్టి రాగానే మిషను దగ్గరికి తీసుకెళ్లి, కరెంటు ఆపించి, అట్టముక్క నేనే లాగాను. మూడు వేళ్లతో లాగాను. ఒక పట్టాన రాలేదు, గట్టిగా దోపాడు. వాడికి కోపం వచ్చింది. వాడి ముఖం ముందు నా కుడిచెయ్యి పెట్టాను. "నేనూ జాగ్రత్తగానే ఉండేవాణ్ణి" అన్నాను.

అట్టముక్క తీసుకెళ్లి మేనేజరు బల్లమీద పెట్టాను. మొత్తం చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు.

"పదో తారీఖున విచారణ. మీ బావమరిది రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. మీకేమో గుర్తులేదు. అంతా ఒక దారిన పడుతున్నప్పుడు ఎందుకు కెలుక్కుంటారు మేస్త్రిగారూ? మీరు ఇన్నేళ్ల మనిషి. ఆలోచించుకోండి."

ఆలోచించుకుంటానన్నాను. ఎందుకలా అన్నానో.

ఏప్రిల్ 7, సోమవారం

ఓడిపోయాను. మనసు ఆటమీద లేదు. వాడు ఒక వంతులో ఇరవై దాకా పోయాడు ఇవాళ.

ఏప్రిల్ 9, బుధవారం

మా ఆవిడతో చెబుదామని రెండుసార్లు వంటింటి గడపదాకా వెళ్లాను. ఒకసారి మంచినీళ్లు అడిగాను. రెండోసారి కూడా మంచినీళ్లే అడిగాను. "ఏంటి ఇవాళ ఇంత దాహం?" అంది.

ఏప్రిల్ 10, గురువారం

బస్సులో పట్టుకుని నిలబడలేనని మా ఆవిడ కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆఫీసు మూడో అంతస్తు. వరండాలో ఒకటే బెంచీ. ఆ చివర బావమరిది. ఈ చివర మా ఆవిడ కూర్చుంది, సంచి మధ్యలో పెట్టింది.

నన్నూ వాణ్ణీ మేనేజర్నీ లోపలికి పిలిచారు. ఇన్‌స్పెక్టర్ సన్నగా ఉన్నాడు, జలుబు చేసి మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. ముందు వాణ్ణి అడిగాడు.

"రెండు బటన్లూ నువ్వే నొక్కావా?"

"అవునండీ."

"రెండు చేతులతో?"

"అవునండీ. ఆయన ఉండమన్నారు. నేను వినిపించుకోలేదు."

"బటన్‌కి ఏమైనా అడ్డం పెట్టారా?"

"లేదండీ." అవే కళ్లు.

మేనేజరు నావైపు చూసి మెల్లగా తలూపాడు. ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగి, "మీకు ఇప్పటికీ గుర్తులేదా?" అన్నాడు.

"వాడు అబద్ధం చెబుతున్నాడండీ" అన్నాను.

"బావా!"

"నువ్వుండరా. వాడికి అబద్ధం చెప్పేటప్పుడు తడబాటు ఉండదు, అదే గుర్తు. అట్టముక్క పెట్టింది నేను. నాలుగేళ్లుగా పెడుతున్నాను. 'ఊఁ' అన్నదీ నేనే. అన్నాక చెయ్యి పెట్టిందీ నేనే. వాడు నా చేతికి తువ్వాలు చుట్టి నన్ను ఎత్తుకుని మెట్లు దిగాడు. వాడు చేసింది అదొక్కటే."

ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని, "మళ్లీ మొదట్నుంచి, నిదానంగా" అన్నాడు. నిదానంగా చెప్పాను. సంతకం కుడిచేత్తో పెట్టాను. ఎవరి సంతకమో నాకే తెలియలేదు.

బయటికి వచ్చాక బెంచీ దగ్గర నిలబడి మా ఆవిడతో చెప్పాను. అక్కడే, అంతా. దారిలో చెబుదామనుకుంటే మళ్లీ మంచినీళ్లు అడిగేవాణ్ణి.

ఆవిడ విన్నది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఆసుపత్రిలో నేనడిగిన రోజు, ఇదంతా గుర్తుందా మీకు?"

"ఉంది."

"వాడు వాన్లో నిలబడ్డ రోజు?"

"ఉంది."

"మెలకువగానే ఉన్నారా?"

"ఉన్నాను."

"రెండు నెలలు" అంది. "నా తమ్ముణ్ణి నా చేతే గడప బయట నిలబెట్టించారు."

అంతే. లేచి వాడి దగ్గరికి వెళ్లింది. వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వీపుమీద ఒకటి చరిచింది, బాగా గట్టిగానే. "నువ్వైనా చెప్పొద్దుట్రా నాకు? నేను పరాయిదాన్నా?" అని, అదే చేత్తో వాడి తల దగ్గరికి లాక్కుంది. మేనేజరు మెట్ల దగ్గర నిలబడి ఎటు చూడాలో తెలియక గడియారం చూసుకున్నాడు.

వాళ్లిద్దరూ ముందు వెళ్లిపోయారు. నేను తర్వాతి బస్సు ఎక్కాను. కమ్మీ పట్టుకున్నాను. పడలేదు.

ఏప్రిల్ 11

చెయ్యి నేనే కడుక్కున్నాను.

ఏప్రిల్ 12

మాట్లాడటం లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా లేదు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 16, బుధవారం

ప్రెస్సు నుంచి ఉత్తరం వచ్చింది. నన్ను మేస్త్రి పని నుంచి తీసేశారు. ఉద్యోగం ఉంచారు. పేజీలు సరిచూసే బల్ల దగ్గర వేశారు, మిషనుకి దూరంగా. బావమరిదిని రమ్మన్నారు. మిషనుకి కొత్త బటన్లు వేయించాలని ఇన్‌స్పెక్టర్ తాఖీదు ఇచ్చాడట. ఇక వాటిలో అట్టముక్క కాదు, వెంట్రుక కూడా దూరదని పొట్టి ఫోన్ చేసి మొత్తుకున్నాడు. "మీవల్ల నా స్పీడంతా పోయింది మేస్త్రిగారూ!"

"నేను మేస్త్రిని కాదురా ఇప్పుడు" అన్నాను.

"మరేమని పిలవాలి?"

నాకూ తెలియలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఫిజియో అమ్మాయి ఇక రోజూ రానక్కర్లేదంది. పాచిక నాకే ఇచ్చేసింది. బావమరిదిని చూపించి, "ఈయనకి కూడా ఇప్పుడు చేతులు వణకడం తగ్గింది, గమనించారా?" అంది. నేను గమనించలేదు. నెలరోజులు ఎదురుగా కూర్చుని నా వేళ్లు తప్ప మరేమీ చూడలేదు. పది దగ్గరే ఎందుకు ఆపేవాడో ఇప్పుడు అడిగాను. "ఒకటి పడితే నీ ముఖం ఎలా అయిపోతుందో చూశాక, నాకెందుకులే అనిపించేది బావా" అన్నాడు. మళ్లీ అవే కళ్లు. దీన్ని మాత్రం నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 20, ఆదివారం

వాళ్ల అక్క భోజనానికి పిలిచింది వాణ్ణి. కొసరి కొసరి వడ్డించింది. నాకూ వడ్డించింది, నా కంచం వంకే చూస్తూ.

భోజనాలయ్యాక వాడు జేబులోంచి కాగితం తీసి, "అక్కా, ఒక ఆట నేర్పిస్తా" అన్నాడు. ముగ్గురం చాపమీద కూర్చున్నాం. నియమాలు ఒక్కసారి విని, "ఇంతేనా?" అంది. ఆడింది చూడాలి! ఇరవై, ఇరవై ఐదు, ఇరవై తొమ్మిది, ఆపదే! తమ్ముడు "ఆపక్కా, ఆపు" అని నెత్తి కొట్టుకుంటున్నాడు. ఒకటి పడితే "పోతే పోయింది, వెయ్" అంటుంది. మొదటి ఆటా గెలిచింది, రెండోదీ గెలిచింది. ఇన్నేళ్లు కాపురం చేసి ఈ మనిషిలో ఇంత తెగువ ఉందని నాకు తెలియదు.

తన వంతు అయ్యాక పాచిక నాకివ్వాలి. ఇవ్వలేదు. తమ్ముడి ముందు పెట్టింది. వాడు తీసి నాకిచ్చాడు. ప్రతిసారీ అంతే. వాడికి నవ్వొస్తోంది, ఆపుకుంటున్నాడు. నేనూ ఆపుకున్నాను. ఆవిడ ఆపుకుందో లేదో, తల ఎత్తలేదు కాబట్టి చెప్పలేను.

ఏప్రిల్ 21, సోమవారం

పనిలోకి వెళ్లాల్సిన రోజు. పొద్దున్నే లేచి చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. అయిదు గుండీలకి పావుగంట. బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, కలిసి వెళ్దామని.

మా ఆవిడ రెండు క్యారియర్లు పట్టుకుని వచ్చింది. రెండూ వాడి చేతికే ఇచ్చింది.

"ఒకటి మీ బావది" అంది వాడితో. "ఎడమ చేత్తో తినొద్దని చెప్పు. కారినా సరే, కుడి చేత్తోనే తినమను. ఇంటికొచ్చాక చెయ్యి నేను కడుగుతానని కూడా చెప్పు."

నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను.

"బావా, అక్క ఏమంటోందంటే..." అని వాడు మొత్తం మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు.